తొమ్మిదో పిట్ట: ఒక జంగిల్ బాబ్లర్‌ను తిరిగి గుంపులో కలిపిన కేసు

ఈ కేసులో స్థలం పేరు, మనుషుల పేర్లు తీసేశాను. హైదరాబాద్ శివారులో చెట్లు బాగా ఉన్న ఒక కాలేజీ ఆవరణ అనుకుంటే చాలు. పక్షి మా రిజిస్టర్‌లో 17వ నంబరు, కాబట్టి ఇక్కడా దాని పేరు పదిహేడే. గాయపడిన అడవి పక్షులకు వైద్యం చేసి వదిలిపెట్టడం నా పని. ఇన్నేళ్ళలో రెక్క బాగుచేసిన పక్షులు చాలానే ఉన్నాయి. రెక్క బాగైనా కేసు సగంలోనే ఉందని నాకు నేర్పింది మాత్రం ఈ పదిహేడే.

ముందు ఈ పిట్టల గురించి

జంగిల్ బాబ్లర్‌ను మీరంతా చూసే ఉంటారు. చెట్టు కింద ఎండుటాకులు తిరగేస్తూ, పది మంది ఒకేసారి మాట్లాడినట్టు గోల చేస్తూ తిరిగే మట్టిరంగు పిట్టలు. పెద్ద పక్షులకు కళ్ళు పాలిపోయిన తెలుపు, అందుకే ఎప్పుడూ కోపంగా చూస్తున్నట్టుంటాయి. హిందీలో సాత్ భాయీ అంటారు, ఇంగ్లీషులో సెవెన్ సిస్టర్స్ అంటారు. అన్నదమ్ములో అక్కచెల్లెళ్ళో భాషలు ఇంకా తేల్చుకోలేదు. నిజానికి అది ఒక ఉమ్మడి కుటుంబం. గూడు కట్టి గుడ్లు పెట్టేది సాధారణంగా ఒక జోడే. మిగతావి, అంటే ఎక్కువగా అంతకుముందు ఈతల్లో పుట్టిన పిల్లలు, కొత్త పిల్లలకు మేత తెచ్చిపెడతాయి, కాపలా కాస్తాయి, పక్క గుంపు వస్తే కలిసి తరిమేస్తాయి. 1970లలో ఢిల్లీలో ఈ పిట్టల మీద పనిచేసిన ఆంథొనీ గాస్టన్ పరిశీలనల్లో, ఆడపిల్లలు రెండేళ్ళ ప్రాయానికి పుట్టిన గుంపు వదిలి వెళ్ళడం, మగవి ఎక్కువగా అక్కడే ఉండిపోవడం కనిపించింది. ఆడపిల్ల అత్తారింటికి వెళ్తుందన్నమాట. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, తర్వాత అదే పనికొచ్చింది.

ఇలా కలిసి పిల్లల్ని సాకే పక్షుల్లో జోడు అనే మాటకు అర్థం ఒకటి కాదు. ఫ్లోరిడా స్క్రబ్ జేలను 1969 నుంచి గమనిస్తూనే ఉన్నారు. వాటి జోడు ఏళ్ళ తరబడి నిలుస్తుంది, గూట్లో పిల్లలు కూడా దాదాపు అన్నీ ఆ జోడువే. ఆస్ట్రేలియాలోని సూపర్బ్ ఫెయిరీ రెన్‌లలోనూ జోడు నిలుస్తుంది, కానీ పిల్లల్లో ఎక్కువ భాగానికి తండ్రి బయటి మగపక్షి. కాపురం వేరు, సంతానం వేరు. కాబట్టి "జోడు విడదు" అని విన్నప్పుడు ఏ జోడు గురించి అని అడగాలి. పదిహేడు వచ్చిన రోజున నేను అది అడగలేదు.

ఎలా వచ్చింది

మార్చి నెల మధ్యలో కాలేజీ తోటమాలి ఫోన్ చేశాడు. ప్రహరీ పక్కన వేపచెట్టుకు సంక్రాంతి నాటి మాంజా వేలాడుతోంది, అందులో పిట్ట చిక్కుకుంది. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది. అయితే చెట్టుకు చిక్కిన దారం ఉత్తర్వులు చదవదు, పండగ అయ్యాక కూడా నెలల తరబడి కోస్తూనే ఉంటుంది.

ఎడమ రెక్క ముందు అంచున, భుజం నుంచి మణికట్టు దాకా సాగే పలుచని చర్మం తెగింది. ఎముక విరగలేదు. బరువు 64 గ్రాములు. పొట్ట మీద ఈకలు రాలిపోయి, చర్మం ఎర్రగా, ఉబ్బి ఉంది. గుడ్లు పొదిగే పక్షికి ఉండే పొదుగు మచ్చ అది. ఈ జాతిలో ఆడా మగా చూడ్డానికి ఒకేలా ఉంటాయి, అందుకని ఒక ఈక డీఎన్ఏ పరీక్షకు పంపాను. ఆడదని రిపోర్టు వచ్చింది. ఈలోగా తోటమాలి గూడు కూడా కనిపెట్టాడు. లైబ్రరీ వెనక మామిడిచెట్టు గుబురులో, నిగనిగలాడే నీలి గుడ్లు మూడు. మూడో రోజుకు అవి చల్లబడిపోయాయి. పిల్లలుంటే గుంపంతా మేపేదే, చల్లటి గుడ్ల మీద మాత్రం ఎవరూ కూర్చోలేదు. అంటే మా దగ్గరకొచ్చింది గుంపులో ఎవరో ఒకరు కాదు, ఇల్లాలు.

అటవీ శాఖకు సమాచారం ఇచ్చాం, పక్షిని మా దగ్గర ఉంచుకోవడానికి అనుమతి తీసుకున్నాం. తోటమాలి ఇంకో మాట చెప్పాడు. "గా గుంపుల తొమ్మిదుండె డాక్టరమ్మా, ఇప్పుడు ఎనిమిదే ఉన్నయి. ఒకదానికి కాలు గోరు లేదు, కుంటుతది. అది ఊకె గా గూడుకాడికే వస్తాంది." ఆ కుంటే పిట్టకు ఆయన పెట్టిన పేరు కుంటోడు. ఆయన ఏడేళ్ళుగా ఆ ఆవరణలో పనిచేస్తున్నాడు. ఆ లెక్కను నేను కేసు షీటు అంచున పెన్సిల్‌తో రాసుకున్నాను. పెన్నుతో రాయాల్సింది.

మొదటి తొమ్మిది రోజులు

చర్మాన్ని కుట్టి, రెక్కను మూడు రోజులు మాత్రమే కట్టాను. ఎక్కువ రోజులు కడితే ఆ చర్మం ముడుచుకుపోతుంది, తర్వాత రెక్క పూర్తిగా చాచలేదు. నాలుగో రోజు నుంచి రోజూ రెండుసార్లు రెక్కను మెల్లగా చాచి ముడిచే వ్యాయామం చేయించాం. వైద్యం వరకు చెప్పుకోవడానికి ఇంతకంటే ఏమీ లేదు, పుండు బాగానే మానింది.

మానని సంగతి వేరే ఉంది. అడవి పక్షి వస్తే గుడ్డ కప్పిన పెట్టెలో, చీకటిగా, నిశ్శబ్దంగా, మనుషులకు దూరంగా ఉంచడం మా అందరి పద్ధతి. భయం తగ్గుతుంది, గుండె అదురు తగ్గుతుంది. డేగకైనా, గుడ్లగూబకైనా, పావురానికైనా ఇదే చేస్తాను. పదిహేడుకూ అదే చేశాను. రెండో రోజు నుంచి సరిగా తినడం మానేసింది. మీల్‌వార్మ్‌లనే మేత పురుగులు, ఉడికిన గుడ్డు, మగ్గిన అంజీరు ముక్కలు, ఏది పెట్టినా ఒకటి రెండు ముట్టుకుని వదిలేసేది. గంటకోసారి ఒకే రకమైన సన్నటి కూత. ఎనిమిదో రోజుకు బరువు 57 గ్రాములకు దిగింది. ఇన్ఫెక్షన్ అనుకుని వెతికాను, కడుపులో పురుగులు అనుకుని రెట్ట పరీక్ష చేశాను. ఏదీ లేదు.

ఆరో రోజు నేను చేసిన పొరపాటు రాయకపోతే ఈ కేసు రాయడం దండగ. ఒంటరితనం అయ్యుంటుందని తట్టి, ఫోన్‌లో బాబ్లర్ల అరుపుల రికార్డింగు వినిపించాను. పక్షి పెట్టె గోడలకు కొట్టుకుంది. ఆపేసినా అరగంట దాకా నోరు తెరిచి రొప్పుతూనే ఉంది. ఆలోచిస్తే తప్పు ఎక్కడుందో తెలిసింది. అవి ఎక్కడో రికార్డు చేసిన వేరే గుంపు కేకలు. తన జాతి గొంతు వింటే ఊరట కలుగుతుందని నేను అనుకున్నాను. ఈ పిట్టకు మాత్రం తెలియని బాబ్లర్ గొంతు అంటే సరిహద్దు దాటి వచ్చిన శత్రువు. గాయపడి, కదల్లేని స్థితిలో దాన్ని పెట్టెలో పెట్టి, పక్కనే శత్రువుల గుంపును దింపాను.

తొమ్మిదో రోజు ఇంకో నిర్ణయం. మా దగ్గర అప్పటికే ఒక పిల్ల బాబ్లర్ ఉంది, కళ్ళు ఇంకా నల్లగానే ఉన్నాయి. ఎవరో అట్టపెట్టెలో తెచ్చి ఇచ్చి వెళ్ళారు, ఎక్కడ దొరికిందో రిజిస్టర్‌లో రాయించుకోలేదు. రెంటినీ కలిపితే పదిహేడు తింటుందేమో అనిపించింది. తెలియని పక్షిని పొడుస్తుందేమో అన్న భయమూ ఉంది. పెద్దదాని దూకుడు పెద్దవాటి మీద ఉన్నంతగా పిల్ల మీద ఉండదని లెక్కవేసి, ముందు ఒక రోజు జాలీ అడ్డం పెట్టి, మర్నాడు కలిపాను. మొదటి రోజంతా దూరదూరంగా ఉన్నాయి. రెండో సాయంత్రం చూస్తే ఒకే కర్ర మీద, మధ్యలో వేలు దూర్చే సందు లేకుండా కూర్చుని, పదిహేడు ఆ పిల్ల మెడ ఈకలు దువ్వుతోంది. మర్నాటి నుంచి తిండి మొదలైంది. మూడో వారం చివరికి బరువు మళ్ళీ 63.

విడుదల, దాడి

ఇరవై నాలుగో రోజు నుంచి పెద్ద పంజరంలో ఎగరడం సాధన చేయించాం. ముప్ఫై ఒకటో రోజు ఉదయం దొరికిన చోటే వదలాలన్న నియమం ప్రకారం ఆ వేపచెట్టు కింద వదిలాం. అయిదు నిమిషాలు కాలేదు, బాబ్లర్లు వచ్చాయి. కేకలు, వెంటపడటం, ఒకటి దాన్ని నేలమీద పడేసి కాళ్ళతో పట్టుకుంది. పదిహేడు ప్రహరీ దాటి పారిపోయింది. అదే సమయానికి లోపలి వైపు మామిడి కొమ్మ మీద కుంటోడు ఇంకో పిట్ట పక్కన కూర్చుని, దాని తల దువ్వుతోంది.

మా ఇంటర్న్ నోట్‌బుక్‌లో రాసింది: "గుంపు తిరస్కరించింది. మగపక్షి కొత్త జోడు కట్టుకుంది." నేను కింద సంతకం పెట్టాను.

మర్నాడు ఉదయం పదిహేను అడుగుల దూరంలో, పక్క స్థలంలో ఒక పొద కింద, ఎగరలేనంత నీరసంగా దొరికింది. 58 గ్రాములు. మళ్ళీ తెచ్చుకున్నాం.

నా ముందు మూడు దారులున్నాయి. ఎప్పటికీ మా పంజరంలో ఆ పిల్లతో ఉంచేయడం, వేరే ఊళ్ళో వదిలేయడం, మళ్ళీ ఇక్కడే ప్రయత్నించడం. రెండోది ముందే కొట్టేశాను. ఒంటరి బాబ్లర్‌ను తెలియని గుంపు హద్దులో వదలడమంటే వేపచెట్టు కింద జరిగింది మళ్ళీ జరిపించడమే. మొదటిదానికి మనసు మొగ్గింది. భర్త వేరే పెళ్ళి చేసుకున్నాడు, ఇంకెందుకు పంపడం అన్నట్టు మాట్లాడుకున్నాం కూడా. పక్షుల గురించి మాట్లాడేటప్పుడు మన సీరియళ్ళు మన నోట్లోంచి ఎలా వస్తాయో చూడండి.

ఆపింది ఆ పెన్సిల్ లెక్క. తోటమాలికి ఫోన్ చేసి ఇప్పుడు ఎన్ని ఉన్నాయని అడిగాను. "ఎనిమిదే" అన్నాడు. నేను కుర్చీలోంచి లేచాను. గుంపులో ఉండిపోయిన ఆడపక్షులు ఎక్కువగా కుంటోడి కూతుళ్ళయి ఉండాలి. కలిసి పిల్లల్ని సాకే పక్షులు చాలావాటిలో తండ్రీ కూతుళ్ళు జోడు కట్టకుండా తప్పుకుంటాయి. అందుకే ఇల్లాలు పోతే ఆ స్థానంలోకి బయటి నుంచి ఆడపక్షి రావాలి. వచ్చి ఉంటే లెక్క మళ్ళీ తొమ్మిది అవ్వాలి. ఎనిమిదే ఉందంటే, నెల దాటినా ఆ స్థానం ఖాళీగానే ఉంది. మరి కుంటోడు దువ్వింది ఎవరిని?

మూడు రోజులు నేనే వెళ్ళి ఉదయం, సాయంత్రం కూర్చున్నాను. మొదటి సాయంత్రమే ఇంటర్న్ రాసిన వాక్యం కొట్టేశాను. కుంటోడు ఆ గంటలో నాలుగు వేర్వేరు పిట్టల తలలు దువ్వింది, మూడు దాని తల దువ్వాయి. ఈకలు దువ్వడం ఈ గుంపులో అందరూ అందరికీ చేసే పని. చిలకల్లో, ఫించుల్లో అది జోడుకు గుర్తుగా చూసే అలవాటు నాది, దాన్ని తెచ్చి ఇక్కడ అంటించాను.

రెండో రోజు ఇంకా పెద్ద తప్పు బయటపడింది. పక్క స్థలం నుంచి ఆరు బాబ్లర్లు ప్రహరీ ఎక్కి వచ్చాయి, వేపచెట్టు దగ్గర రెండు గుంపులూ ఎదురెదురుగా నిలబడి పది నిమిషాలు తిట్టుకున్నాయి. మూడో రోజూ అదే చోట, అదే తగాదా. ఆ వేపచెట్టు సరిహద్దు రాయి! పదిహేడు దొరికింది అక్కడ అంటే అక్కడ కాపురం ఉందని కాదు, అక్కడ పోట్లాడుతూ మాంజాలో చిక్కుకుందని. ఇంటర్న్ ఫోన్‌లో తీసిన విడుదల వీడియో మళ్ళీ మళ్ళీ చూశాం. దాడి చేసినవి అయిదు. ఒక్కటీ కుంటడం లేదు, అన్నీ వచ్చింది ప్రహరీ వైపు నుంచి. సొంత గుంపు అసలు దాన్ని చూడనే లేదు. మేం విడాకులు రాసిన చోట జరిగింది ఇరుగుపొరుగు కొట్లాట.

రెండో ప్రయత్నం

ఈసారి దూరం నుంచి తెచ్చి వదలడం కాదు, గుంపు మధ్యలో కొన్నాళ్ళు కాపురం పెట్టించాలనుకున్నాం. లైబ్రరీ వెనక, గుంపు రాత్రి పడుకునే చెట్టుకు ఇరవై అడుగుల్లో, ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు పంజరం పెట్టాం. పిల్లులు రాకుండా స్తంభాల మీద ఎత్తుగా, కింద రేకు. నలభయ్యో రోజున పదిహేడును ఒక్కదాన్నే అందులో పెట్టాం.

పిల్లను వేరు చేయడం నాకు కష్టంగా అనిపించింది. రెంటినీ కలిపి పెడదామని ఇంటర్న్ పట్టుబట్టింది. నేను ఒప్పుకోలేదు. సొంత ఇల్లాలిని గుర్తుపట్టడమే గుంపుకు పరీక్ష అయిన చోట, పక్కన పరాయి పిల్లను కూర్చోబెడితే దాడి దాని మీద మొదలై దీని దాకా రావచ్చు.

మొదటి సాయంత్రం పడుకునే ముందు గుంపు గోల మొదలుపెట్టింది. పదిహేడు జవాబిచ్చింది. పెట్టెలో నేను విన్న సన్నటి కూత కాదు, గొంతెత్తి అరిచింది. అయిదు పిట్టలు పంజరం పైకి వచ్చి వాలాయి. జాలీలోంచి పొడవలేదు, తలలు వంచి చూశాయి. మూడో రోజు కుంటోడు ముక్కున పచ్చటి గొంగళిపురుగుతో వచ్చి జాలీ సందులోంచి లోపలికి అందించింది. పదిహేడు తీసుకుంది, తినకుండా కాసేపు పట్టుకుని ఉంది. ఆడపక్షికి మగది మేత ఇవ్వడం జోడుకు గుర్తా, గుంపులో మామూలు పనా అని ఈసారి తొందరపడి రాయలేదు. రెండో రకం కూడా ఉండొచ్చు, ఎందుకంటే అయిదో రోజు ఇంకో పిట్ట కూడా తెచ్చింది.

తలుపు ఎప్పుడు తీయాలన్న దాని మీద చాలా చర్చ జరిగింది. మామూలుగా ఉదయమే వదులుతాం, రోజంతా తిండి వెతుక్కోవడానికి టైము ఉంటుందని. నేను సాయంత్రం అన్నాను. ఉదయం గుంపు మేతకు చెదిరిపోతుంది, సరిహద్దుకూ వెళ్తుంది. సూర్యుడు దిగాక అన్నీ ఒకే కొమ్మకు చేరి, ఒత్తుకుని కూర్చుని దువ్వుకునే అరగంటే వాటికి రోజులో శాంతమైన సమయం. చేర్చుకునేది ఉంటే అప్పుడే చేర్చుకుంటాయి. చేర్చుకోకపోతే రాత్రి ఒంటరిగా ఉండే ప్రమాదం ఉంది, అందుకని తలుపు తీసి అలాగే వదిలేసి, లోపల మేత ఉంచాం.

యాభై ఒకటో రోజు సాయంత్రం ఆరు దాటాక తలుపు తీశాను. పదిహేడు బయటికి దూకి, పంజరం పైన నిలబడి ఈకలు దులుపుకుని, కొమ్మ మీదికి వెళ్ళింది. వరుసలో చివర కూర్చుంది. పక్కదానికీ దానికీ మధ్య జానెడు ఖాళీ. టెన్షన్‌తో నేను ఊపిరి బిగబట్టానో లేదో తెలీదు గానీ తోటమాలి మాత్రం బీడీ ముట్టించడం మర్చిపోయాడు. చీకటి పడేలోగా ఆ జానెడు ఖాళీ లేదు. పక్కది జరిగిందో ఇది జరిగిందో మేం చూడలేకపోయాం.

మర్నాడు మధ్యాహ్నం ఒకసారి పంజరంలోకి వచ్చి తిని పోయింది. ఆ తర్వాత రాలేదు. నాలుగో రాత్రి అది వరుస చివర లేదు, లోపలికి వచ్చింది. ఒక పక్కన కుంటోడు.

తోటమాలి ఫోన్ చేసి ఒకే మాట చెప్పాడు: "తొమ్మిది."

నేను పద్ధతిలో మార్చుకున్నవి

గుంపుగా బతికే పక్షి వస్తే ఇప్పుడు మా మొదటి ప్రశ్న గాయం గురించి కాదు, ఎన్ని ఉండేవి, ఇప్పుడు ఎన్ని ఉన్నాయి అన్నది. రోజుల లెక్క కూడా మారింది. పుండు మానడానికి పట్టేది పదిహేను రోజులైతే, పదహారో రోజు నుంచి మేం ఉంచుకునే ప్రతి రోజూ మేం చేస్తున్న కొత్త గాయం కిందే రాసుకుంటున్నాను. వీలైతే కుట్లు వేసిన వారానికే పంజరాన్ని గుంపు హద్దులోకి మార్చి, మిగతా వైద్యం అక్కడే చేస్తున్నాం. రోజూ అంత దూరం తిరగాలి, ఖర్చు ఎక్కువ, అన్ని చోట్లా ఒప్పుకోరు. దొరికిన చోట వదలాలన్న నియమాన్ని కూడా, అది ఇంటి నడిమధ్యో సరిహద్దో చూశాకే వాడుతున్నాం. దానికి కనీసం రెండు సాయంత్రాలు కూర్చోవాలి.

నల్ల కళ్ళ పిల్ల సంగతి ఇందులో కలపాలని లేదు గానీ దాచడం తప్పు. పదిహేడు వెళ్ళాక అది మళ్ళీ తిండి తగ్గించింది. ఇంకో ఆవరణలో ఇలాగే పంజరం పెట్టి పద్నాలుగు రోజులు ప్రయత్నించాం. అక్కడి గుంపు రోజూ వచ్చింది, రోజూ జాలీని పొడిచింది. వెనక్కి తెచ్చేశాం. దాని కళ్ళు ఇప్పుడు తెల్లబడుతున్నాయి, ఇంకా మా దగ్గరే ఉంది. ఏ చెట్టు కింద దొరికిందో ఆ రోజు ఒక్క లైను రాయించుకుని ఉంటే దానికి ఇల్లు వెతకగలిగేవాళ్ళం.

జూన్‌లో కుంటోడు పదిహేడుతో జతకట్టడం తోటమాలి చూశాడు, ఇంటర్న్ కూడా చూసింది. కుంటోడు మగదని అప్పటికి గానీ మాకు రుజువు దొరకలేదు. గూడు ఈసారి కానుగచెట్టులో. ఎడమ రెక్క అంచున ఈకలు కొంచెం లేచి ఉండే పిట్టే రోజంతా అందులో కూర్చుంది.

ఆగస్టులో వెళ్ళి చూస్తే గూట్లోంచి బయటికొచ్చిన పిల్లలు రెండు. ఒకటి మట్టిరంగు, నల్ల కళ్ళు. రెండోది దానికంటే సన్నగా, తోక పొడుగ్గా, నెత్తిన చిన్న కుచ్చుతో, రెక్కలో లేత మచ్చతో ఉంది. చాతకం పిల్ల. వానలతో వచ్చే చాతకం బాబ్లర్ గూట్లో తన నీలి గుడ్డు కలిపేసి పోతుంది, పొదిగే కష్టం పెట్టుకోదు. తొమ్మిది పిట్టలూ వంతులేసుకుని రెంటినీ మేపుతున్నాయి. నేనున్న గంటలో పదిహేడు తెచ్చిన మిడతల్లో మూడు వంతులు ఆ కుచ్చుదాని నోట్లోకే వెళ్ళాయి. అది అంత గట్టిగా అరుస్తోంది మరి.